పెట్రోలు ముల్లు

ఆదివారం, రాత్రి

నాన్న పోయాక మూలనపడిన కారు ఈరోజు కరెంటు బండిగా ఇంటికి వచ్చింది. ఆయన చూసుకునే పెట్రోలు ముల్లే ఇప్పుడు బ్యాటరీ ఎంత ఉందో చూపించాలని నేను పట్టుబట్టాను. మెకానిక్ మస్తానన్న వారం రోజులు దానిమీదే కూర్చున్నాడు. మొన్నే ఇమ్మంటే ఒప్పుకోలేదు.

“ముల్లు తప్పు చూపిస్తే హైవే మీద ఆగిపోతావు పాపా. నేను తోలి చూసినాకే ఇస్తా” అన్నాడు.

నిన్న గూడూరు నుంచి నాయుడుపేటకు ఒక్కడే పోయి వచ్చి, సరిగ్గా ఉందన్నాక ఈరోజు ఇచ్చాడు.

సాయంత్రం అమ్మను మనుబోలు తీసుకెళ్లాను. తిరిగొస్తుంటే ముల్లు సగానికి దిగింది. నాకు గుబులు పుట్టింది. అమ్మ మాత్రం, “మీ నాయనైతే ఈపాటికి బంకు ఎతుకుతా ఉంటాడు” అని నవ్వింది.

నాన్న పోయాక ఆయన మాట ఎత్తి అమ్మ నవ్వడం ఇదే మొదలు. మస్తానన్నకు ఈ సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో…