పక్కకు జరిగిన సంగతి

ఉప్పుగూడ,
18-8-1974.

మహారాజశ్రీ అన్నయ్య వరదరాజం గారి పాదాలకు తమ్ముడు అనంతపద్మనాభం నమస్కరించి చేసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. కింది సంగతులు చదివిన తర్వాత కూడా ఈ వాక్యం రద్దు కానట్టే భావించ ప్రార్థన.

సరిహద్దు నుంచి తాము రాసిన ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు గాని, దాన్ని గురించి చెప్పడం తగ్గించింది. వంటింటి పైకప్పు ఈ వానాకాలం ఒక్క మూలనే కురుస్తున్నది. తమ మరదలు అలివేలు బాగున్నది, తమరికి నమస్కారాలు చెప్పమన్నది. ఇక, "పై అధికారుల మాట వింటున్నావా? నీ ఎం.ఏ. నోరు అదుపులో ఉన్నదా?" అన్న ప్రశ్నకు జవాబు కొంత వివరంగా సమర్పించుకోవలసి ఉన్నది.

తాము సిఫారసు చేసి ఇప్పించిన కొలువు కనుక దాని స్వభావం తమకు తెలుసు. సబ్‌స్టేషన్‌లో కూర్చుని బస్తీలకు కరెంటు వదలడం, ఆపడం. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు మా వద్దకు వచ్చి తన పేర కరెంటు ఆపించుకుంటాడు. దీన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటాము. అతడే దిగివచ్చి వాపస్ చేసేదాకా ఎవరు చెప్పినా స్విచ్ వేయరాదు. మా శాఖలో తక్కిన నిబంధనలన్నీ కాగితం మీద ఉన్నవి. ఇదొక్కటే మనిషి ప్రాణం మీద ఉన్నది.

ఈ నెల తొమ్మిదో తేదీ శుక్రవారం సాయంత్రం ఇశ్రాయేలు అనే లైన్‌మన్ హుస్సేనీ ఆలం లైను ఆపించి వెళ్లాడు. ఆ బస్తీలోనే ఒక మంత్రిగారి సభ. పొద్దుగూకింది. ఇశ్రాయేలు రాలేదు, ఫోను వచ్చింది. మా ఇంజినీరు విశ్వేశ్వర్ గారు.

"పద్మనాభం, ఏంది గిది? మంత్రిగారు చీకట్ల నిలబడ్డరు. కరెంటియ్యి!"

"ఇశ్రాయేలు ఇంక వాపస్ చెయ్యలే సార్."

"ఎప్పుడో దిగిండయ్యా. నేను చెప్తున్న గద!"

"మీరు చూసిన్రా సార్?"

"చూసుడెందుకు? హుకుం ఇస్తున్న!"

"గా హుకుం రాసియ్యున్రి సార్."

ఆయన ఫోను పెట్టేశారు. నోటిమాటగా వచ్చే ఆజ్ఞకు వేగమెక్కువ. తండ్రి మాత్రం ఉండడు.

కాసేపటికి జీపు వచ్చింది. నేను స్విచ్‌కు అడ్డంగా నిలబడి ఉన్నాను.

"జరుగు."

"మనిషి పైన ఉంటే ఎట్ల సార్?"

"లేడంటున్న గదా. నీ లొల్లి ఏంది? జరుగుతవా, కొలువు పోగొట్టుకుంటవా?"

ఇంజినీరుగారి చేయి స్విచ్ దాకా వెళ్లి, అక్కడే ఆగింది. వేయదు, వెనక్కి రాదు. ఫోనులో ఆయనకు అంత ఖాయంగా తెలిసిన సంగతి ఆ చేతికి మాత్రం తెలియలేదు. అలాగే నిలబడి ఉండగా వాకిట్లో సైకిలు ఆగిన చప్పుడైంది.

"దిగి శాన సేపాయె సార్!" అంటూ వచ్చాడు ఇశ్రాయేలు. "చాయ్ తాగుదామని కూసున్న, ముచ్చట్ల పడ్డ. లైన్ క్లియర్ వాపస్!"

దీపాలు వెలిగాయి. మంత్రిగారు అప్పటికే వెళ్లిపోయారు. చనిపోవలసిన మనిషి చాయ్ తాగి రావడంతో నా కేసు పూర్తిగా బలహీనపడింది. స్తంభం మీద ఉంటే నేను ప్రాణదాతను. హోటల్లో ఉన్నాడు గనుక క్రమశిక్షణ లేనివాణ్ణి. ఆ మరుసటి సోమవారమే నన్ను సస్పెండ్ చేశారు.

అలివేలుకు తెలుసు, అమ్మకు తెలియదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, యాకుత్‌పురా స్టేషను బల్ల మీద విధులు నిర్వర్తిస్తున్నాను. నిన్న ఇశ్రాయేలు నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు.

"పంతులూ, నేను పోల్ మీదనే ఉన్ననని చెప్త. నీ కొలువు నిలుస్తది."

"నువ్వు చాయ్ తాగినవు. గదే చెప్పు."

"మరి నీ గతేంది?"

"అప్పుడు నువ్వేడున్నవో నాకు తెల్వదు. ఇంజినీరుకూ తెల్వదు. గదే నా జవాబు."

"నా కోసానికి కొట్లాడినవ్ పంతులూ," అంటూ నా చేయి పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను. కారణం తమకొక్కరికే రాస్తున్నాను.

ఇంజినీరుగారు జరగమన్నప్పుడు నేను జరిగాను. "మీరే వెయ్యున్రి సార్," అని చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన చేయి ఆగకపోతే నేను చూస్తూ ఊరుకునేవాణ్ణే. పాపం ఆయన ఖాతాలో పడేది. ఇశ్రాయేలుకు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇప్పుడు శాఖవారు ఒక క్షమాపణ పత్రం పంపారు. "పై అధికారి ఆజ్ఞను ప్రశ్నించడం నా తప్పు" అని అందులో ఉన్నది. గురువారం లోపల సంతకం పెడితే కొలువు తిరిగి ఇస్తారు, లేకుంటే ఇవ్వరు. వారు ఒప్పుకోమన్న తప్పు నేను చేయలేదు. చేసిన తప్పును వారు అడగడం లేదు. నేను సంతకం పెడితే, రేపు నా కుర్చీలో కూర్చున్నవాడు ఫోను రాగానే స్విచ్ వేస్తాడు. రేపటి ఇశ్రాయేలు చాయ్ తాగుతూ ఉంటాడని హామీ ఇవ్వగలవారెవరూ మా శాఖలో లేరు. ఇల్లు నా జీతం మీదే నడుస్తున్నదని తెలిసే రాస్తున్నాను: పెట్టను.

ఆజ్ఞ విలువ సైన్యంలో ఉన్న తమకు నేను చెప్పనక్కరలేదు. ఇది చదవగానే, సంతకం పెట్టమని టెలిగ్రాం ఇవ్వాలని తమకు తోచవచ్చు. దయచేసి ఇవ్వకండి. నాన్న పోయిన నాటి నుంచి తమ మాటకు నేనెన్నడూ ఎదురాడలేదు. ఈసారి ఆడతాను.

ఇట్లు,
ఇంతవరకు విధేయుడైన తమ్ముడు,
అనంతపద్మనాభం