నా చిరుతలు ఎవ్వరికీ ఇయ్యకు

సురంగల్

బామ్మర్ది పరమేష్‌కు,

ప్రోస్టేట్ ఆపరేషన్ అయినంక బావకు ఉచ్చ ఆగుతలేదు, ఈసారి చిరుతల భజనల ఎగరనియ్యొద్దని మొన్న అందరి ముందట అన్నవు. నేను మాట్లాడకుంట ఎందుకు కూసున్ననో ఎరుకేనా? దవాఖానల మేడం నేర్పిన కసరత్ చేస్తుంటి. ఉచ్చను ఆపుకున్నట్టు కింద బిగబట్టాలె, మెల్లగ వదలాలె. ఎదురుంగ కూసున్నోనికి గూడ కనవడదు. నీ ముందటనే చేసిన, నీకు తెల్వలే.

ఇప్పుడు జర తగ్గింది. దగ్గితే, ఎగిరితే ఇంకా కారుతది. కారనియ్యి. ప్యాడ్ పెట్టుకొని వస్త, గుడి ముందట మొదటి అడుగు నేనే ఏస్త. తడిస్తే నా పంచె తడుస్తది, నీకేం ఫికర్? నీ తాన ఉన్న నా కట్టె చిరుతలు మాత్రం ఎవ్వరి చేతులల్ల పెట్టకు.

నీ బావ