ఇసుకతొట్టి

అమ్మాయీ,

నువ్వు పుట్టింటికి వెళ్లినప్పట్నుంచి నీ పిల్లి ఇసుకతొట్టి మానేసి మావాడి బూట్లలో ఉచ్చ పోస్తోంది. పొగరనుకుని వాడు నాలుగు తగిలించాడు. చివరికి డాక్టరుకు చూపించాం. మూత్రంలో మంట ఉందట. తొట్టిలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుట్టడంతో ఆ తొట్టే తనను కరుస్తోందనుకుందట. మందు వేశాక మంట తగ్గింది. కొత్త ఇసుక పోశాను. అయినా దాని ఛాయలకు పోలేదు. "నొప్పి పోయినా భయం పోదమ్మా. తొట్టి మార్చండి, చోటు మార్చండి, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. పిల్లికి ఇన్ని రాచమర్యాదలా అని నవ్వుకున్నాను.

మావాడు దాన్ని తొట్టితో సహా స్నానాలగదిలో పెట్టి బయట గడియ వేశాడు. రెండ్రోజులు గీపెట్టింది. ఇప్పుడు నోరు మూసుకుని తొట్టిలోనే పోస్తోంది, అందులోనే పడుకుంటోంది.

నువ్వూ పంతం మాని వచ్చెయ్యి. మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, దానికే ఇల్లు విడిచిపోతారా? మీ గదికి కొత్త రంగు వేయించాం, గోడమీద ఆ మరక ఇక కనపడదు. తలుపు గడియ కూడా మార్పించాడు, బయటివైపుకి.

నీ మేలు కోరే
అత్తయ్య