అద్దె రసీదుల మీద చీమలు

ఏమండీ,

నేను రక్తపరీక్షల ల్యాబులో డ్యూటీకి వెళ్తున్నాను. వచ్చేదాకా ఆ ఇన్‌కంట్యాక్స్ రిటర్ను పంపకండి. వాళ్ళడిగితే చూపిద్దామని మీరు పెట్టిన అద్దె రసీదులు చూశాను. పన్నెండు నెలలకీ ఒకే పెన్ను, పన్నెండింటి మీదా ఒకే చోట టీ మరక. మొదటి నెలలో ఒలికిన టీ పన్నెండో నెల దాకా ఇంకిందంటే ఏ ఆఫీసరు నమ్ముతాడు? "అక్కయ్యే నెలనెలా రాసిచ్చింది" అని నిన్న నా మొహం చూడకుండా చెప్పినప్పుడే అనుమానం వచ్చింది. అద్దె నిజంగా కట్టినవాళ్ళం, దొంగల్లా దొరికిపోవడం దేనికి? అవి చింపేయండి. మేడమీదికి వెళ్ళి, ఏడాది మొత్తానికీ ఒకే రసీదు ఇవాళ్టి తేదీతో ఇంటి ఓనరైన మీ అక్కయ్యగారి చేతే రాయించండి. దానికి నెలనెలా అద్దె కట్టినట్టున్న బ్యాంకు కాగితం జత చేయండి.

షుగరు మాత్ర భోజనానికి ముందు వేసుకోండి.

ఇంకో మాట. పొద్దున ఆ మరకల చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. చక్కెర లేని టీకి చీమలెందుకు పడతాయి? ఆర్నెల్లుగా చప్పటి టీయే తాగుతున్నానని నా మీద ఒట్టేశారు కదా! ట్యాక్సువాళ్ళు తనిఖీకి వస్తారో రారో నాకు తెలీదు. నేను మాత్రం సాయంత్రం సూది తీసుకుని వస్తున్నాను.