కోడలు ముడిచిన కొప్పు

నాచారం, 2008 జూలై, మంగళవారం రాత్రి

నేను చెప్తున్నాను, మనవరాలు రాస్తోంది. నెలగా కుడి చెయ్యి పైకి లేవడం లేదు. క్యాన్సరేమోనని లోలోపల వణికాను.

ఈరోజు ఉప్పల్‌లో డాక్టరు ఎక్స్‌రేలో తెల్ల మచ్చ చూపించి, "భుజం కండ ఎముకకు అతికేకాడ కాల్షియం గడ్డకట్టింది పెద్దమ్మా. క్యాన్సర్ గాదు. శానామందికి దానంతటదే కరుగుతది," అన్నాడు.

"నీ నోట్ల చక్కెర పొయ్య! గీ ముక్క ముందుగాల చెప్పొద్దా?" అని కసిరాను.

వయసులో ఉండగా నేను పనిచేసిన దారం మిల్లులో, పని మొదలయ్యే సైరన్‌కు ముందు, జుట్టు మిషన్ బెల్టులో చిక్కకుండా ఆడవాళ్లం ఒకరి కొప్పు ఒకరం ముడిచేవాళ్లం. నాకు పక్క మిషన్ మీద పనిచేసే యాదమ్మ ముడిచేది. "కదిల్తే నెత్తిమీద ఒక్కటిస్త!" అనేది.

యాదమ్మ పోయాక నా జుట్టు ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇప్పుడు చెయ్యి లేవక కోడలికి లొంగాను. అదీ యాదమ్మలాగే బిగువుగా ముడుస్తోంది. భుజం నయమైనా, ఆ సంగతి కొన్నాళ్లు దానికి చెప్పను.