సుగుణ అడిగిన కనాను ప్రశ్న

1978 జూలై, ఆదివారం రాత్రి

సుగుణ కొత్త క్వార్టర్లో ఈ సాయంత్రం ప్రార్థన పెట్టింది. పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే యెహోషువ గ్రంథం చదివి, కనానీయుల్ని వెళ్ళగొట్టి ఇశ్రాయేలీయులకు కనాను ఇచ్చినట్టే దేవుడు మనకు భిలాయ్‌ని ఇచ్చాడన్నారు.

"స్టీలు ప్లాంటు రాకముందిక్కడ ఊళ్ళుండేవి కదండీ అయ్యగారూ. మరి ఆ ఊళ్ళోళ్ళేటి, కనానీయులా?" అంది సుగుణ, టీ అందిస్తూనే.

"వచ్చే స్త్రీల కూటంలో వాక్యం నువ్వే చెప్పాలమ్మా," అన్నారు అయ్యగారు సుగుణతో. ఇన్నేళ్ళూ అది చెప్పింది నేను. కనానీయుల సంగతి కాలేజీ రోజుల నుంచీ నన్ను తొలుస్తూనే ఉంది. అయ్యగారు నొచ్చుకుంటారని అడగలేదు, అంతే.

"అక్కా, నాకేటీ తెలీదు, మీరే నేర్పాల," అంది సుగుణ. నవ్వి వచ్చేశాను.

ఇందాక ఆ ఊళ్ళవాళ్ళ కోసం మోకరించి ప్రార్థన చేశాను. ఒక్క ఊరి పేరైనా తెలియదని అప్పుడు తట్టింది. సుగుణకు తెలిసే ఉంటుంది. అడగబుద్ధి కావడం లేదు.