జల్లెడ బల్ల

గురువారం, కొవ్వూరు

నా బల్ల గెలిచింది! నిన్న దానికి వరసగా చిల్లులు వేస్తుంటే, "టేకు బల్లని జల్లెడ చేసేశావేంట్రా!" అని నాన్న కేకలేశాడు. ఈరోజు కుర్చీకాళ్ళన్నీ ఒకే కొలతకి కోయడానికి చెక్కను పట్టి ఉంచే అచ్చును ఆ చిల్లుల్లోంచే బోల్టులతో బిగించాను. ఎంత రంపం ఆడించినా అచ్చు ఇసుమంతైనా కదల్లేదు. కోసినవన్నీ కవలల్లా వచ్చాయి. గంతులేయాలనిపించింది!

సాయంత్రం నాన్న తనూ కోస్తానన్నాడు. బల్లెక్కి కూర్చుని, అచ్చును కాలివేళ్ళతో అదిమి పట్టాడు. నేలమీద పనిచేసేటప్పుడు ఆయన చెక్కను పట్టేది అలాగే.

"కాలు తీసెయ్యి నాన్నా, అది కదలదు."

తీసి కోశాడు. ముక్కని నిమిరి, "బాగుందిరా" అన్నాడు. మళ్ళీ కాలు అక్కడే పెట్టాడు.

"ఉండనీరా. ఈ కాలికింకేం పనుంది?"

రేపు ఆయన కోసేటప్పుడు ఒక బోల్టు కాస్త వదులు చేస్తే, ఆ కాలికీ పని దొరుకుతుందేమో...